మీసాలకే తెలిసిన పరిమళం

పత్తి చేలో అక్కడక్కడా కర్రలకు కట్టి వేలాడుతుంటాయి లింగాకర్షక బుట్టలు. పైన చిన్న గొడుగులాంటి మూత, దాని కింద గరాటు, గరాటుకు తొడిగిన పొడుగాటి పాలిథిన్ సంచి. మూత కింద వేలిగోరంత రబ్బరు ముక్క. అంతే సరంజామా! పొద్దున్నే వెళ్లి సంచి అడుగున ముడి విప్పి దులిపితే పదో పదిహేనో రెక్కల పురుగులు రాలతాయి. వాటిని ఒక్కొక్కటే తిరగేసి చూస్తే ఓ విచిత్రం... అన్నీ మగవే. దారితప్పి పడిందైతే తప్ప అందులో ఆడ పురుగు కనిపించదు.

అదే చేలో రాత్రిపూట దీపపు ఎర పెడితే ఆడా మగా రెండూ వచ్చి పడతాయి. మరి ఈ బుట్టలోకి మగవే ఎందుకొస్తాయి? ఆ రబ్బరు ముక్కను మనం ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చినా చెప్పుకోదగ్గ వాసనేమీ తగలదు. కానీ చేను ఆ చివర ఎక్కడో ఆకు కింద కూర్చున్న మగ పురుగుకి మాత్రం అది 'వస్తున్నావా?' అన్న పిలుపులా వినిపిస్తుంది. వినిపించడం అనడం తప్పే. ఇక్కడ పని చెవులది కాదు. ముక్కుదీ కాదు... దానికి ముక్కే లేదు. పనంతా మీసాలది!

స్కూలు పుస్తకాల్లో వాటిని స్పర్శశృంగాలు అంటారు. పేరులో స్పర్శ ఉంది కానీ అవి చేసే అసలు ఉద్యోగం వాసన చూడటం. ఇక వాటి సొంతదారుకి తెలుగులో పేర్లకేం కొదవలేదు. కవులు శలభం అన్నారు. కొందరు చిమ్మట అంటారు, కొన్నిచోట్లేమో చిమ్మట అంటే రాత్రంతా గీపెట్టే పురుగు. రైతులకు అది రెక్కల పురుగు. దాని పిల్లే మొక్కల్ని నమిలేసే గొంగళి.

నలభైమంది వరులు!

ఈ మీసాల మహిమను లోకానికి కథలా చెప్పినవాడు ఫ్రాన్స్‌కు చెందిన జాన్ హెన్రీ ఫాబ్రె. సెరిన్యాన్ అనే పల్లెలో ఓ బీడు నేల కొనుక్కుని, పురుగుల్ని చూస్తూ బతికేసిన మనిషి. ఓ ఏడాది మే 6న పొద్దున్నే ఆయన పనిగదిలో 'గ్రేట్ పీకాక్' జాతి ఆడ శలభం గూడు చీల్చుకుని బయటికొచ్చింది. ఐరోపాలో అంతకన్నా పెద్ద శలభం లేదు. రెక్కలు చాపితే జానెడు. ఫాబ్రె దాన్ని తీగవల బుట్ట కింద మూసిపెట్టాడు. ప్రత్యేకంగా ఏదో కనిపెడదామని కాదు, అలవాటుకొద్దీ.

రాత్రి తొమ్మిదయ్యింది. పక్క గదిలోంచి కొడుకు పాల్ గావుకేకలు... పిట్టలంతేసి పురుగులు గదినిండా ఎగురుతున్నాయని! తండ్రీకొడుకులు కొవ్వొత్తి పట్టుకుని పనిగదిలోకి వెళ్లేసరికి తీగబుట్ట చుట్టూ రెక్కల చప్పుడు. పైకప్పుకి తగులుతున్నాయి, కొవ్వొత్తిని ఆర్పేస్తున్నాయి, భుజాలమీద వాలుతున్నాయి. వంటింట్లోనూ మిగతా గదుల్లోనూ తిరుగుతున్నవి కూడా కలిపి లెక్కేస్తే ఆ రాత్రి వచ్చినవి దాదాపు నలభై. ఎనిమిది రాత్రుల్లో మొత్తం 150. అన్నీ మగవే. ఆ చుట్టుపక్కల ఆ జాతి శలభాలు అరుదు. ఎక్కడెక్కడి నుంచో రావాల్సిందే.

ఎలా తెలిసింది వాటికి? వాసనే అయితే దాన్ని మరో ఘాటైన వాసనతో కప్పేస్తే సరి అనుకున్నాడు ఫాబ్రె. గదిలో నాఫ్తలీన్ పోశాడు... అదే, మన బీరువాల్లో వేసుకునే కలరా ఉండల సరుకు. లావెండర్ నూనె పెట్టాడు. మనిషైతే గదిలో నిలబడలేడు. మగ శలభాలు మాత్రం ఏమీ పట్టనట్టు నేరుగా ఆడదాని దగ్గరికే వచ్చాయి. దాంతో ఇది వాసన కాదేమోనన్న అనుమానం ఆయన్ని చాలాకాలం వదల్లేదు. అప్పటికింకా ఎవరికీ తెలియని విషయం ఏమిటంటే, ఆ మీసాలకు కలరా ఉండల వాసన ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. వాటి తాళానికి సరిపోయే తాళంచెవి వేరే ఉంది.

చిక్కుముడి విప్పింది మరో జాతి శలభం. ఆడదాన్ని ఓక్ కొమ్మ మీద కాసేపు ఉంచి, తర్వాత తీసి గాజు మూత కింద గట్టిగా మూసేశాడు ఫాబ్రె. కళ్లెదురుగా అద్దంలోంచి కనబడుతోంది ప్రియురాలు. మగవి దాన్ని చూడనైనా చూడలేదు. అది లేచి వెళ్లిపోయిన ఖాళీ కొమ్మ మీద వాలి, ఆకుల్లో ఆత్రంగా వెతుక్కున్నాయి! అందం సంగతి తర్వాత, ముందు పరిమళం.

అయిదు లక్షల పొట్టలు

ఆ పరిమళమేమిటో పట్టుకోవడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. జర్మనీ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ మనుషుల సెక్స్ హార్మోన్ల మీద చేసిన పనికి 1939లోనే నోబెల్‌కు ఎంపికయ్యాడు (హిట్లర్ ప్రభుత్వం తీసుకోనివ్వలేదు, యుద్ధం ముగిశాక అందుకున్నాడు). అంతటివాడు పట్టుపురుగుల వెంట పడ్డాడు. దాదాపు అయిదు లక్షల ఆడ పట్టు శలభాల పొట్ట చివర ఉండే గ్రంథుల్ని పోగేసి, కరిగించి, వడగట్టి, మళ్లీ వడగట్టి... సుమారు ఇరవయ్యేళ్లు సాగింది ఈ యజ్ఞం. చివరికి మిగిలింది మిల్లీగ్రాముల్లో. 1959లో దానికి 'బాంబికాల్' అని పేరు పెట్టారు. ఒకే జాతి జీవుల మధ్య కబురు మోసే ఇలాంటి పదార్థాలకు 'ఫెరమోన్' అన్న పేరు పుట్టిందీ ఆ ఏడాదే.

పట్టు శలభాన్నే ఎంచుకోవడానికి కారణముంది. మన ధర్మవరం, హిందూపురం వైపు పట్టు రైతులకు దాని సంగతి బాగా తెలుసు. వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగిపెరిగి అది ఎగరడమే మర్చిపోయింది. గూడు చీల్చుకుని వచ్చాక ఏమీ తినదు. ఆ నాలుగు రోజుల జీవితంలో మగదానికి ఒకటే పని, తోడు వెతుక్కోవడం. బాంబికాల్ తగిలిందంటే చాలు... రెక్కలు టపటపా కొట్టుకుంటూ గిరగిరా తిరుగుతూ అటువైపు నడక మొదలెడుతుంది. ఎగరని పురుగుకి రెక్కలాడించడం ఎందుకంటారా? ఎదుటి గాలిని మీసాల మీదికి లాక్కోవడానికి! మనం గట్టిగా ముక్కు ఎగబీల్చినట్టన్నమాట.

ప్రయోగశాలలో అంతకన్నా మంచి పరీక్ష యంత్రం ఏముంటుంది? సీసాలోని ద్రవంలో గాజుపుల్ల ముంచి మగ శలభం ముందు పెడితే సరి. రెక్కలాడించిందా, సరుకు అందులో ఉన్నట్టు.

దువ్వెనలో జల్లెడ

ఇక మీసం లోపలికి వెళ్దాం. మగ పట్టు శలభం మీసం దువ్వెనలా ఉంటుంది. నడుమ ఓ కాడ, దానికి రెండువైపులా పళ్లు, ఆ పళ్లనిండా కంటికి ఆనని నూగు. ఒక్కో మీసం మీద బాంబికాల్ కోసమే ఉన్న వెంట్రుకలు దాదాపు 17 వేలు! మీసంలోంచి దూసుకెళ్లే గాలిలో ఉన్న బాంబికాల్ అణువుల్లో సుమారు నాలుగో వంతు ఈ జల్లెడకు చిక్కుకుంటాయి.

ఒక్కో వెంట్రుక ఓ బోలు గొట్టం. గోడనిండా సూక్ష్మమైన రంధ్రాలు, లోపల ఉప్పు ద్రవం. జిడ్డు గుణమున్న వాసన అణువు రంధ్రంలోంచి జారి లోపలికొస్తుంది. నూనెబొట్టు నీళ్లలో కలవనట్టే అదీ ఆ ద్రవంలో తనంతట తాను ఈదలేదు. అందుకే అక్కడో పడవ సిద్ధంగా ఉంటుంది... ఓ ప్రొటీన్. అణువును ఎక్కించుకుని నాడీకణం గుమ్మం దాకా దించుతుంది. గుమ్మానికున్న తాళంలో అణువు సరిగ్గా ఇమిడితే కణంలో కరెంటు పుడుతుంది, కబురు మెదడుకు చేరుతుంది. పని అయిపోగానే అణువును ముక్కలు చేసేందుకు ఎంజైములూ అక్కడే ఉంటాయి. లేకపోతే నిన్నటి వాసన ఇవాళ కూడా వస్తూనే ఉంటుంది కదా!

ఈ కరెంటును తొలిసారి కొలిచింది జర్మనీకే చెందిన డీట్రిచ్ ష్నైడర్. 1957లో ఆయన పట్టు శలభం మీసం రెండు కొసలకూ సన్నని తీగలు కలిపి, దాని మీదికి ఆడదాని వాసన ఊదాడు. మీటరు ముల్లు కదిలింది. అదే వాసనను ఆడ శలభం మీసం మీద ఊదాడు. ఉలుకూ లేదు పలుకూ లేదు. తాను వెదజల్లే పరిమళం తనకే తెలియదన్నమాట, పాపం! (అన్ని జాతులూ ఇంతే అనుకోవద్దు. కొన్నింటిలో ఆడవి తమ వాసనను తామే గుర్తిస్తాయి.)

ఆ తర్వాత ఆయన సహచరుడు కార్ల్ ఎర్నెస్ట్ కైస్లింగ్ లెక్కలు కట్టి చూస్తే నమ్మలేని నిజం తేలింది. నాడీకణం ఒకసారి మోగడానికి ఒకే ఒక్క అణువు చాలు. అంతకన్నా తక్కువ ఇక సృష్టిలో లేదు. అయితే ఒక్క కణం మోగిందని శలభం లేచి పరుగెత్తదు. వేల కణాల్లో అక్కడక్కడా వాసన లేకపోయినా ఉత్తుత్తి మోతలు వస్తూనే ఉంటాయి. వాటికి అదనంగా సెకనులో ఓ రెండొందల మోతలు వినబడితేనే మెదడు 'ఇది నిజమే' అనుకుంటుంది.

ఇక దూరం సంగతి. మగ శలభం పదకొండు కిలోమీటర్ల అవతలి నుంచి ఆడదాన్ని వాసన పడుతుందని చాలాచోట్ల రాస్తుంటారు. అంత దూరాన వదిలేసిన మగవాటిలో కొన్ని తిరిగొచ్చిన మాట నిజమే కావచ్చు. అయితే వదిలిన క్షణంలోనే వాసన తగిలిందని దానర్థం కాదు. తిరిగి తిరిగి దగ్గరికొచ్చాక పసిగట్టి ఉండొచ్చు. వాసన గాలిలో దారం చుట్టినట్టు వరసగా రాదు. అగరుబత్తి పొగ చూడండి... కాస్త పైకెళ్లగానే తెగిపోయి, పాయలు పాయలై, మధ్యలో ఖాళీలు పడతాయి. శలభానికి అందేదీ అలాంటి తునకలే. తునక తగలగానే ఎదురుగాలికి దూసుకెళ్తుంది. వాసన పోయిందా, ముందుకెళ్లడం ఆపి అటూ ఇటూ అడ్డంగా ఊగుతూ వెతుకుతుంది. మళ్లీ తగలగానే మళ్లీ ముందుకి. ఎక్కడా ఖాళీ లేకుండా ఒకే మోతాదులో వాసన కమ్మేస్తే మాత్రం దానికి దారి తెలియదు. ఈ మాట గుర్తుంచుకోండి, పత్తి చేలో పనికొస్తుంది.

ఆమె మీసం తక్కువదేం కాదు

మంచిర్యాల జిల్లా చెన్నూరు, భూపాలపల్లి జిల్లా మహదేవ్‌పూర్ అడవుల్లో నల్లమద్ది చెట్ల మీద దసలి పట్టు పెంచేవాళ్లకు మీసం చూసి ఆడా మగా చెప్పడం కష్టమేం కాదు. మగదానికి పక్షి ఈకలా వెడల్పాటి మీసం. ఆడదానిది సన్నగా, పొదుపుగా ఉంటుంది. చాలామంది దీన్ని చూసి ఆడదానికి వాసన శక్తి తక్కువ అనేస్తారు. తక్కువ కాదు, వేరు!

ఆడ శలభం కడుపునిండా గుడ్లు మోస్తూ బరువుగా ఉంటుంది. తిరిగితే ఓపిక ఖర్చు, గబ్బిలాలకు దొరికే ప్రమాదం. అందుకే కొమ్మ మీద కూర్చుని పొట్ట చివరి గ్రంథిని బయటికి చాచి, గ్రాములో వంద కోట్లో వంతు లెక్కన పరిమళాన్ని వదులుతుంది. వెతికే శ్రమ, దారిలో గండాలు మగవాడికి వదిలేసింది. తన మీసాలను మరో పనికి దాచుకుంది... పుట్టబోయే పిల్లలకు అన్నం ఎక్కడుందో వెతకడానికి. గుడ్డు పెట్టే చోటు తప్పయితే పిల్ల పురుగు ఆకలితో చావాల్సిందే. కాబట్టి ఏ మొక్క వాసన ఏదో ఆమెకు తెలియాలి. అంతేనా? ఆ మొక్క మీద అప్పటికే వేరే గొంగళ్లు మేస్తున్నాయో లేదో కూడా తెలియాలి. గొంగళ్లు కొరికిన పొగాకు మొక్క రాత్రివేళ ప్రత్యేకంగా కొన్ని వాసనలు వదులుతుందనీ, వాటిని పసిగట్టి ఆడ శలభాలు 'ఇక్కడ జాగా లేదు' అన్నట్టు పక్కకు తప్పుకుంటాయనీ 2001లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు.

మరి మీసాలు మార్చేస్తే? ఆడదానికి మగ మీసం అతికిస్తే? ఈ చిలిపి ప్రశ్న కూడా శాస్త్రవేత్తలకు వచ్చింది. అమెరికాలో జాన్ హిల్డెబ్రాండ్ బృందం పొగాకును తినే ఓ డేగ శలభం గొంగళి దశలో ఉండగానే, ముందుముందు మీసంగా ఎదగాల్సిన కణాల ముద్దను తీసి, మగదానిది ఆడదానికి అమర్చింది. పెద్దయ్యాక ఆ ఆడ శలభం సాటి ఆడదాని పరిమళం తగలగానే అచ్చం మగాడిలా ఎదురుగాలికి ఎగిరింది! 1986 నాటి ముచ్చట ఇది. 2010లో తిరగేసి చూశారు. ఆడ మీసాలు మొలిచిన మగవి ఆడవాటి తీరున ప్రవర్తించాయి. శరీరం మగదే, రెక్కలూ మగవే. మీసం వేరయ్యేసరికి లోకమే వేరయిపోయింది. మీసం నుంచి వచ్చే నరాలను బట్టే మెదడులోని వాసన భాగం తన రూపు దిద్దుకుంటుందట.

ఏనుగు దగ్గరా అదే సెంటు

ఒక్కో జాతికి ఒక్కో వాసన ఉండాలంటే ఇన్ని వేల జాతులకు ఇన్ని సెంట్లు ఎక్కణ్నుంచి వస్తాయి? ఇక్కడ ప్రకృతి చేసింది వంటింటి చిట్కానే. అవే దినుసులు, పాళ్లు వేరు. కంది, శనగ, పత్తి దేన్నీ వదలని శనగపచ్చ పురుగు సెంటులో ఒక రసాయనం 97 పాళ్లయితే ఇంకొకటి 3 పాళ్లు. పత్తిలో గులాబీ రంగు పురుగు వేరే రెండు దినుసుల్ని దాదాపు సగం సగం కలుపుతుంది. పాళ్లు కాస్త తేడా వచ్చిందా, మగవాడు ముఖం తిప్పేసుకుంటాడు. అందుకే బుట్టలో ఒక పురుగు ఎర పెట్టి ఇంకో పురుగు రాలేదని తిట్టుకుంటే లాభం లేదు.

తమాషా ఏమిటంటే ఈ దినుసుల్లో ఒకటి ఆడ ఏనుగు దగ్గరా ఉంది. ఎదకొచ్చిన ఆసియా ఏనుగు మూత్రంలో మగ ఏనుగును పిలిచే పదార్థం, ఎన్నో శలభ జాతులు వాడే పదార్థం ఒక్కటేనని 1996లో బెట్స్ రాస్ముసెన్ అనే శాస్త్రవేత్త నిరూపించారు. అలాగని శలభాలేం ఏనుగుల వెంట పడవు. వాటికి కావాల్సింది పూర్తి మిశ్రమం, సరైన పాళ్లలో.

ఈ రహస్యం తెలిసిన దొంగలూ ఉన్నారు. అమెరికా ఖండాల్లో బోలస్ సాలీడు అని ఒకటుంది. గూడు అల్లే ఓపిక లేదు దానికి. ఆడ శలభం సెంటును తానే తయారుచేసి గాలిలోకి వదిలి, జిగురు ఉండ కట్టిన దారాన్ని కాలికి వేలాడదీసి కాచుకుని ఉంటుంది. ప్రియురాలి కోసం పరుగెత్తుకొచ్చిన మగ శలభానికి జిగురు దెబ్బ!

పత్తి రైతు పెట్టే బుట్టా ఆ సాలీడు ఎత్తే.

గుడ్డి పూలు పూయకముందే

ఈ సెంటు కథ మనకెందుకు అనుకునేవాళ్లు 1997-98 నాటి వరంగల్ జిల్లాను తలచుకోవాలి. ఆ ఏడాది పొగాకు లద్దె పురుగు పత్తి మీద విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, అప్పు పెరిగింది. చివరికి పురుగు మీద పనిచేయని ఆ మందునే తాగి ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో దేశంలోకి బీటీ పత్తి వచ్చింది. కాయతొలిచే పురుగుల బెడద కొన్నేళ్లు తగ్గింది. అంతలో గులాబీ రంగు పురుగు బీటీ విషానికి అలవాటు పడిపోయింది. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి తరం బీటీని లెక్కచేయడం మానేసింది. 2015 వచ్చేసరికి రెండో తరానికీ అదే గతి. ఆ తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలల్లోనూ తిష్ఠ వేసింది.

దీనితో చిక్కేమిటంటే, పురుగు కంటికి కనబడేసరికి ఆలస్యమైపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు గంటల్లో మొగ్గలోకో కాయలోకో దూరిపోతుంది. వెనకే రంధ్రం పూడుకుపోతుంది. ఇక పైన ఎంత మందు కొట్టినా కాయ తడుస్తుందే కానీ పురుగుకు తగలదు. విచ్చుకోకుండా రేకులు ముడుచుకుపోయిన గుడ్డి పూలు కనిపించాయంటే అది లోపల కాపురం పెట్టేసినట్టే. అంటే దెబ్బ కొట్టాల్సింది అంతకుముందే, రెక్కల పురుగుగా తిరిగేటప్పుడు. అది తిరుగుతోందని ముందుగా చెప్పేది మగదాని మీసం ఒక్కటే.

బుట్టల్లో మగవి పడుతున్నాయి కదా, ఇక పురుగు పోయినట్టే అనుకుంటే మాత్రం పొరపాటు. మిగిలిన ఒక్క మగ పురుగు చాలు, చాలా ఆడవాటితో జతకట్టేస్తుంది. ఎకరాకు నాలుగైదు బుట్టలు చేసే అసలు పని కాపలా. బుట్టకు రోజుకు 8 చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే చర్య తీసుకునే వేళయిందని శాస్త్రవేత్తల లెక్క. అప్పటిదాకా మందు డబ్బా మూత తీయక్కర్లేదు. మిగిలే ఆ ఒకటి రెండు పిచికారీల ఖర్చే చిన్న రైతుకు పెద్ద ఊరట. అయితే ఎర మూడు నాలుగు వారాలకోసారి మార్చాలి. బుట్ట పైరు కన్నా అడుగు ఎత్తున ఉండాలి, పైరు పెరిగేకొద్దీ పైకి జరపాలి. ఆగస్టులో కట్టిన బుట్ట అక్టోబరులో ఆకుల మధ్య మునిగిపోయి ఉంటే అందులో ఏమీ పడదు. చేలో పురుగు లేదని రైతు ధీమాగా ఉంటాడు. అంతకన్నా బుట్ట కట్టకపోవడమే నయం.

ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇప్పుడు అక్కరకొస్తుంది. దారిచూపే తునకలు కాకుండా, చేనంతా ఆడ పురుగు సెంటే కమ్మేస్తే? మొక్కలకు అక్కడక్కడా సెంటు నింపిన సన్నని తాడు ముక్కలు కడతారు. నెలల తరబడి అవి పరిమళాన్ని వదులుతూనే ఉంటాయి. ఎటు తిరిగినా ఒకటే వాసన. ఆడదెక్కడుందో తెలియక మగవాడు తికమకపడతాడు, జత కుదరదు, గుడ్లలో ప్రాణం ఉండదు. అమెరికా ఇదే పరిమళాన్ని 1978 నుంచీ వాడింది. దానికి బీటీ పత్తిని, గొడ్డు పురుగుల్ని కోట్లకొద్దీ వదిలే పద్ధతిని జతచేసి 2018లో గులాబీ రంగు పురుగు తమ పత్తి చేలల్లో లేనే లేదని ప్రకటించుకుంది.

మన దగ్గరా ఈ తాళ్లు వచ్చాయి. కానీ అక్కడి చేలు వందల ఎకరాల కమతాలు. ఇక్కడ రెండెకరాలకో గట్టు. ఒక్క రైతు తాళ్లు కట్టుకుంటే ఆ రెండెకరాల్లోనే మగవి తికమకపడతాయి. గట్టవతలి చేలో హాయిగా జతకట్టిన ఆడ పురుగు నిదానంగా ఎగిరొచ్చి ఇక్కడ గుడ్లు పెట్టి వెళ్తుంది. దాన్ని ఏ పరిమళమూ ఆపలేదు. దాని మీసాలకు కావాల్సింది పత్తి మొక్క వాసన. అందుకే ఊరంతా ఒకేసారి కట్టాలంటారు వ్యవసాయ శాస్త్రవేత్తలు. పత్తి గింజల్లో దాగి మిల్లుల దాకా వెళ్లే పురుగుల కోసం జిన్నింగు మిల్లుల ఆవరణలోనూ బుట్టలు పెట్టాలంటారు. పంట అయిపోయాక చేలో మోళ్లు ఉంచొద్దనీ, రెండో కాపు కోసం వేసవి దాకా లాగొద్దనీ కూడా చెబుతారు. తాడు ముక్క ఒకరు కొనుక్కోవచ్చు. మోళ్లు పీకాల్సింది మాత్రం గట్టుకు రెండు పక్కలా ఉన్నవాళ్లు.